అమెరికా పాత రైల్‌రోడ్ షేరు పత్రాలు: కొనేముందు ఎలా చదవాలి, కొన్నాక ఎలా దాచాలి

పాత రైల్‌రోడ్ షేరు పత్రాల గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది ప్రశ్న ఒకటే: "ఇది అసలుదేనా, ఎంత పెట్టొచ్చు?" ఈ రెండింటికీ జవాబు చాలావరకు ఆ కాగితం మీదే ఉంటుంది. కంపెనీ పేరు, తేదీ, అంటించిన స్టాంపు, కొట్టిన రంధ్రం, సిరా రంగు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యం చదవడం వస్తే మోసపోవడం తగ్గుతుంది. కొన్నాక కాగితాన్ని బాగుచేద్దామని చెయ్యి పెట్టకుండా ఉంటే పాడవడం కూడా తగ్గుతుంది.

ఈ మార్గదర్శి అమెరికా కంపెనీల షేరు పత్రాల గురించే. బాండ్ల ప్రస్తావన అవసరమైన చోట వస్తుంది. మన ప్రాంతపు రైళ్ల పత్రాల గురించి చివర్లో ఉంది.

## 1. ముందు హద్దు గీసుకోండి

అమెరికాలో రైల్‌రోడ్ కంపెనీలు వేలల్లో పుట్టాయి. కనబడిందల్లా కొంటే ఏడాది తిరిగేసరికి ఒకదానికొకటి సంబంధం లేని కాగితాల కట్ట మిగులుతుంది. మొదటి కొనుగోలుకు ముందే ఒక దారి ఎంచుకోండి.

ఒకే కంపెనీ వంశవృక్షం. మా లెక్కలో అన్నిటికన్నా మంచి దారి ఇదే. ఈరీ రైలుమార్గాన్ని తీసుకోండి. 1832లో న్యూయార్క్ అండ్ ఈరీ రైల్ రోడ్. దివాలా తీసి 1861లో ఈరీ రైల్వే. మళ్లీ దివాలా, 1878లో న్యూయార్క్, లేక్ ఈరీ అండ్ వెస్టర్న్ రైల్‌రోడ్. మరోసారి దివాలా, 1895లో ఈరీ రైల్‌రోడ్. నాలుగు పేర్లకు నాలుగు పత్రాలు పక్కపక్కన పెడితే ఆ కంపెనీ కథ మీరు చెప్పనక్కర్లేదు.

బొమ్మను బట్టి. వంతెనలు, స్టేషన్లు, ఇంజన్లు, దేవతామూర్తులు. చూడ్డానికి బాగుంటుంది గానీ ఒక చిక్కుంది. అచ్చువేసే కంపెనీలు ఒకే ఇంజను బొమ్మను పలు కంపెనీలకు వాడేవి. బొమ్మలోని ఇంజను ఆ కంపెనీదే అనుకోకండి.

సంతకాన్ని బట్టి. ఖరీదైన దారి. మొదటి ఏడాది వద్దు.

చిన్న సెట్టు. మన బిజినెస్ ఆటకు మూలమైన మోనోపలీ బోర్డు మీద నాలుగు రైళ్లుంటాయి. వాటిలో రెడింగ్, పెన్సిల్వేనియా, బాల్టిమోర్ అండ్ ఒహాయో నిజమైన పెద్ద కంపెనీలు. 20వ శతాబ్దపు పత్రాలైతే మూడూ తేలిగ్గా దొరుకుతాయి. (స్పెల్లింగు చూసి రీడింగ్ అనకండి, అది రెడింగే.) చెయ్యి తిరగడానికి మంచి మొదలు.

## 2. కావలసిన సామాను

పత్రం కొనకముందే ఇవి ఇంట్లో ఉండాలి:

- 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం, నగల పనివాళ్లు వాడే రకం
- 365 నానోమీటర్ల యూవీ టార్చి
- మిల్లీమీటర్లున్న స్టీలు స్కేలు
- పాలిస్టర్ కవర్లు (మైలార్, మెలినెక్స్ పేర్లతో దొరికేవి), 75 నుంచి 100 మైక్రాన్ల మందం
- ఆమ్లం లేని అట్టలు, కవరుకు ఒకటి చొప్పున
- తెల్లటి బ్లాటింగ్ కాగితం
- మెత్తటి వెడల్పు బ్రష్షు
- 2బీ పెన్సిల్
- గదిలో తేమ కొలిచే చిన్న మీటరు

కవర్ల కొలత దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. 20వ శతాబ్దపు అమెరికన్ పత్రం మామూలు కొలత 12 × 8 అంగుళాలు. మన ఏ4 కాగితం పొడవు 11.7 అంగుళాలే. ఏ4 ఫైలులో దూర్చితే ఒక అంచు నలుగుతుంది, ఆ నలుగుడు మళ్లీ పోదు. 19వ శతాబ్దపు పత్రాలు కాస్త చిన్నవి, సుమారు 11 × 7 అంగుళాలు. బాండ్లు వీటికన్నా చాలా పెద్దవి. కాబట్టి ఏ3 కొలత పెట్టె, అందులో పత్రం కన్నా ప్రతివైపూ కనీసం అర అంగుళం పెద్ద కవరు తీసుకోండి.

కవరు పాలిస్టరో పీవీసీయో తెలియకపోతే వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే పీవీసీ. అందులోని రసాయనం కొన్నేళ్లకు ఇంకును లాగి ప్లాస్టిక్కుకు అంటిస్తుంది. పాలిస్టరుకు వాసన ఉండదు, వంచితే గలగలమంటుంది.

## 3. పత్రం మీద ఏది ఎక్కడ ఉంటుంది

చేతిలోకి రాగానే ఈ వరుసలో చూడండి:

1. పైన క్రమసంఖ్య, షేర్ల సంఖ్య
2. మధ్యలో లేదా పైభాగంలో చెక్కుడు బొమ్మ. సేకర్తలు విన్యెట్ అంటారు
3. కంపెనీ పూర్తిపేరు, ఏ రాష్ట్ర చట్టం కింద ఏర్పడిందో చెప్పే చిన్న అక్షరాల పంక్తి
4. వాటాదారు పేరు, చేతిరాత లేదా టైపు
5. తేదీ
6. అధ్యక్షుడు, కార్యదర్శి లేదా కోశాధికారి సంతకాలు
7. ఉబ్బెత్తు ముద్ర
8. కింది అంచున సన్నటి అక్షరాల్లో అచ్చువేసిన కంపెనీ పేరు
9. వెనకవైపు బదిలీ ఒప్పందం, దాని కింద సంతకం, తరచుగా పన్ను స్టాంపులు

ఎడమ అంచు ప్రత్యేకంగా చూడండి. పత్రాన్ని పుస్తకం నుంచి వంకర గీతలో కత్తిరించి ఇచ్చేవారు, కౌంటర్‌ఫాయిల్ కంపెనీ దగ్గరుండేది. షేర్లు బదిలీ అయ్యాక రద్దుచేసిన పత్రాన్ని తిరిగి ఆ కౌంటర్‌ఫాయిల్‌కే జిగురుతో అంటించేవారు. అందుకే రద్దయిన పత్రాల ఎడమవైపు గోధుమరంగు జిగురు మచ్చలు మామూలే. అవి నకిలీకి గుర్తు కాదు, ఆఫీసు పుస్తకంలోంచి వచ్చిందనడానికి సాక్ష్యం. వాటిని గోకి తీసేసిన పత్రాలు కనిపిస్తుంటాయి, జాలేస్తుంది.

## 4. పేరును అక్షరం అక్షరం చదవండి

రైల్‌రోడ్, రైల్ రోడ్, రైల్వే మూడూ ఒకటి కావు. దివాలా తర్వాత పునర్వ్యవస్థీకరణలో కంపెనీ పేరులో ఒక్క మాటే మారేది. ఆచిసన్, టొపీకా అండ్ శాంటాఫే 1895 దాకా రైల్‌రోడ్, ఆ తర్వాత రైల్వే. చట్టం దృష్టిలో ఇవి వేర్వేరు కంపెనీలు. అమ్మేవాడు శీర్షికలో "శాంటాఫే" అని మాత్రం రాస్తే ఫొటో చూసి పూర్తిపేరు మీరే రాసుకోండి.

తర్వాత ఆ పేరు ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఉందో చూడండి. పత్రం మీది తేదీ ఆ హద్దుల్లో ఉండాలి. ఇందుకు పట్టేది పది నిమిషాలు. నకిలీలను, తప్పు వర్ణనలను ఇంతకన్నా చవగ్గా పట్టే పరీక్ష లేదు.

ఉత్తర అమెరికా రైల్‌రోడ్ పత్రాలకు కాక్స్ క్యాటలాగు (టెర్రీ కాక్స్ తయారుచేసిన జాబితా) సంఖ్యలు వాడుకలో ఉన్నాయి. వేలం వర్ణనల్లో ఆ సంఖ్య ఉంటే మీ జాబితాలో కూడా రాసుకోండి. ఒకే కంపెనీ ఒకే ఏడాది రెండు మూడు రంగుల్లో పత్రాలిచ్చిన సందర్భాల్లో పేరుతో పని జరగదు, సంఖ్యే దిక్కు. రంగు తేడాకు కారణం చాలాసార్లు షేర్ల సంఖ్యే: సరిగ్గా 100 షేర్ల పత్రానికి ఒక రంగు, 100 కన్నా తక్కువకు ఇంకొక రంగు.

## 5. తేదీకి స్టాంపుకు పొత్తు కుదరాలి

ఈ భాగం నెమ్మదిగా చదవండి. డీలర్లు కూడా తరచుగా దాటేసే విషయం ఇది.

అమెరికా అంతర్యుద్ధం ఖర్చుల కోసం వేసిన పన్ను ప్రకారం 1862 అక్టోబరు 1 నుంచి 1872 అక్టోబరు 1 వరకు జారీ అయ్యే షేరు పత్రానికి 25 సెంట్ల రెవెన్యూ స్టాంపు పడాలి. స్టాంపు మీద కలంతో పొడి అక్షరాలు, తేదీ వేసి రద్దు చేసేవారు. కొన్ని కంపెనీలు స్టాంపు అంటించకుండా నారింజ రంగు పన్ను ముద్రను కాగితం మీదే ముందుగా అచ్చు వేయించుకునేవి.

ఇప్పుడు 1867 తేదీతో ఒక పత్రం మీ ముందుందనుకోండి. స్టాంపు లేదు. ముందు వెనక్కి తిప్పి చూడండి. అక్కడా లేకపోతే మామూలు టార్చిని పక్కనుంచి, కాగితానికి సమాంతరంగా వేయండి. దీర్ఘచతురస్రాకారంలో చుట్టూ ఉన్నదానికన్నా తెల్లగా ఉన్న చోటు కనబడుతుందా? కలం గీత ఒకటి ఎక్కడో మొదలై ఆ చోటు అంచు దగ్గర తెగిపోయిందా? అయితే స్టాంపుల సేకర్త ఎవరో ఎప్పుడో ఊడదీసుకున్నాడు. పత్రం అసలుదే, కానీ పూర్తిది కాదు. ధర ఆ మేరకు తగ్గాలి.

ఉల్టా మోసం కూడా ఉంది. స్టాంపు లేని పత్రానికి వేరేచోట దొరికిన స్టాంపు అంటిస్తారు. దాన్ని పట్టేది రద్దు గీతే. అసలు స్టాంపు మీది కలం గీత తరచుగా స్టాంపు దాటి కాగితం మీదికి పాకుతుంది. స్టాంపు మీది తేదీ పత్రం తేదీతో కలవాలి. కలవకపోతే కొనకండి.

1898 జులై 1న స్పానిష్ యుద్ధపు పన్ను వచ్చింది. కొత్త జారీకి 100 డాలర్ల ముఖవిలువకు 5 సెంట్లు, బదిలీకి 2 సెంట్లు. తక్కువ విలువ స్టాంపుల మీద యుద్ధనౌక బొమ్మ ఉంటుంది. 1902 వరకు నడిచింది. న్యూయార్క్ రాష్ట్రం 1905 నుంచి బదిలీలకు తన సొంత పన్ను వేసింది. ఆ స్టాంపులు సాధారణంగా పత్రం వెనక ఉంటాయి. ముందువైపు ఫొటో ఒక్కటే చూసి కొనేవాళ్లు ఇవి చూడనే చూడరు.

ఇంకో చిన్న ఆనవాలు: ముందుగా అచ్చైన "18" మీద కలంతో "19" దిద్దిన పత్రాలు 1900 తర్వాతి కొన్నేళ్లలో కనబడతాయి. పాత స్టాకు వృథా చేయడం ఇష్టం లేక దిద్దినవే. అనుమానించక్కర్లేదు.

## 6. అచ్చు అసలుదేనా

పెద్ద కంపెనీల పత్రాలు చెక్కిన ఉక్కు పలకల మీద అచ్చయినవి. అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ పేరు మీకు అందరికన్నా ఎక్కువగా తగులుతుంది. నకిలీ పట్టడానికి నాలుగు పరీక్షలు:

1. వేలు. ఉక్కుపలక అచ్చులో ఇంకు కాగితం మీద ఎత్తుగా నిలుస్తుంది. కొత్త కరెన్సీ నోటు మీద వేలు ఆనించినట్టే గరుకుగా తగలాలి. చేతులు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అంచు దగ్గర ఒక్కసారి మాత్రమే.
2. భూతద్దం. బొమ్మలో బుగ్గ, మేఘం, పొగ చూడండి. అసలుదైతే ఆ నీడలన్నీ తెగని సన్నటి గీతలు, గీతల మధ్య చుక్కలు. దినపత్రిక ఫొటోలాగా వరుస తప్పని చుక్కల జాలీ కనబడితే అది ఫొటో తీసి వేసిన నకలు. అంచు చుట్టూ ఉండే అల్లిక గీతను ఒకదాన్ని పట్టుకుని వెంబడించండి. అది తెగకుండా చుట్టు తిరిగి రావాలి.
3. యూవీ. తెల్లదనం కోసం కాగితానికి మెరుపు రసాయనాలు కలపడం 1950 ప్రాంతం నుంచి. 1880 తేదీ పత్రం చీకట్లో యూవీ కింద నీలితెలుపుగా వెలిగితే అది అబద్ధమాడుతోంది. 1960ల పత్రానికి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు.
4. రంగు బిళ్లలు. కొన్ని పత్రాల కాగితంలో పిండి దశలోనే చిన్నచిన్న రంగు కాగితపు బిళ్లలు కలిపేవారు. అసలువి కాగితం పొరలో కూరుకుని ఉంటాయి. నకలులో అవి అచ్చు వేసిన మచ్చలు. గోటితో గిల్లి చూడకండి, భూతద్దం చాలు.

చిన్న ఊళ్ల చిన్న కంపెనీలు ఖర్చుకు వెనకాడి లితో అచ్చు (చదునైన రాతి పలక మీంచి వేసేది) వేయించుకున్నాయి. వాటికి మొదటి పరీక్ష వర్తించదు. ఇంకు ఎత్తుగా లేదని పారేయకండి. అలాంటివే అరుదు కూడా.

పెద్ద కంపెనీల పత్రాల మీద అర్ధనగ్న దేవతలు ఎందుకంటారా? న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజీ తన జాబితాలోని పత్రాల మీద స్పష్టంగా కనబడే మనిషి బొమ్మ కావాలనేది. ఇంజను కన్నా ముఖం, చర్మపు నీడలు నకలు చేయడం కష్టం. కాబట్టి దొంగ కాగితం మొదట దొరికిపోయేది ముఖం దగ్గరే. మీరూ భూతద్దం అక్కడే పెట్టండి.

## 7. జారీ అయిందా, కానిదా

అమ్మకపు వర్ణనల్లో నాలుగు రకాలు కనబడతాయి:

- జారీ అయి రద్దయినవి. మామూలు రకం. రంధ్రాలు, కోతలు, రబ్బరు ముద్రలు, కలం గీతలు ఉంటాయి.
- జారీ అయి రద్దు కానివి. చాలావరకు కంపెనీ మునిగాక వాటాదారు ఇంట్లో మిగిలిపోయినవి.
- జారీ కానివి. పేరు, తేదీ ఖాళీ. సంతకాలుండవు.
- నమూనాలు. క్రమసంఖ్య చోట సున్నాలు, ఎర్రటి అక్షరాల్లో నమూనా అనే ముద్ర, సంతకాల చోట రంధ్రాలు.

రద్దు గుర్తు ఉన్నందుకు బాధపడనక్కర్లేదు. అది ఎక్కడ పడిందనేదే లెక్క. ఖాళీ అంచులో పడిన రంధ్రం ధరను పెద్దగా కదిలించదు. బొమ్మలో ముఖం మీద పడితే కదిలిస్తుంది. సంతకం ముక్క కత్తిరించి తీసేసినవి సంతకం కోసం కొనేవాళ్లకు పనికిరావు, బొమ్మ కోసం కొనేవాళ్లకు చవక.

ఖాళీ పత్రాలను ఇంట్లో ఎవరైనా కలంతో నింపి "జారీ అయినది"గా అమ్మగలరు. ఉబ్బెత్తు ముద్ర ఉందా, రెండు సంతకాలు రెండు చేతులవేనా, వాటాదారు పేరు రాసిన సిరా పాతబడిన గోధుమ రంగులో ఉందా చూడండి.

## 8. సంతకం ఎవరిది

19వ శతాబ్దపు అమెరికన్ రైల్‌రోడ్ పెట్టుబడిదారు జే గూల్డ్ సంతకంతో మిస్సోరి, కాన్సస్ అండ్ టెక్సస్ రైల్వే పత్రాలు మార్కెట్లో తరచుగా వస్తాయి. ఆయన ఆ కంపెనీకి 1880 నుంచి 1888 వరకు అధ్యక్షుడు. అధ్యక్షుడి గీత మీద ఆయన సంతకముండి తేదీ 1878 అయితే అక్కడే ఆగండి. 1923లో పుట్టిన మిస్సోరి‑కాన్సస్‑టెక్సస్ రైల్‌రోడ్ వేరే కంపెనీ. పేరు పోలిక చూసి శీర్షికలో గూల్డ్ పేరు ఇరికించే అమ్మకందారులుంటారు.

సంతకం పత్రాలకు అడగాల్సినవి:

- కలంతో చేసిందా, అచ్చులో వచ్చిందా? భూతద్దం కింద కలం గీత మలుపుల దగ్గర సిరా గుమిగూడి చిక్కబడుతుంది. అచ్చు సంతకం అంతటా ఒకే నలుపు.
- ముందువైపు అధికారిగానా, వెనకవైపు వాటాదారుగానా?
- "ఫలానావారి పేరిట జారీ" అని ఉంటే, వారు సంతకం చేశారా, వారి తరఫున వేరొకరా? పేరిట జారీ కావడం, స్వయంగా సంతకం చేయడం రెండు వేర్వేరు ధరలు.

## 9. కొనడం

అంతర్జాతీయ బాండ్ అండ్ షేర్ సొసైటీ (1978 నుంచి ఉంది) సభ్యుల వేలాలు, ప్రత్యేక వేలం సంస్థలు, ఆన్‌లైన్ సైట్లు, కాగితపు వస్తువుల ప్రదర్శనలు: దొరికే చోట్లు ఇవే. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు నాణేల, స్టాంపుల ప్రదర్శనలు మంచి చోట్లు. అక్కడ స్టాంపుల వాళ్ల పెట్టెల అడుగున రైల్‌రోడ్ పత్రాలు చవగ్గా తగులుతాయి.

పెన్ సెంట్రల్ (1968లో పుట్టి 1970లో దివాలా తీసింది), 1950ల పెన్సిల్వేనియా రైల్‌రోడ్ లాంటివి మామూలుగా పది పదిహేను డాలర్లకే వస్తాయి. ఇండియాకు తెప్పిస్తే తపాలా ఖర్చే కాగితాన్ని మించుతుంది. ఒకే అమ్మకందారు దగ్గర అయిదారు కలిపి తీసుకోండి, లేదా అక్కడున్న బంధువు ఇంటికి పంపించి వచ్చేటప్పుడు తెమ్మనండి. సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో, రెండు గట్టి అట్టల మధ్య.

డబ్బు కట్టేముందు అమ్మకందారును అడగాల్సినవి:

- ముందు, వెనక పూర్తి ఫొటోలు, కవరులోంచి బయటికి తీసి
- అంగుళాల్లో కొలత
- మడతలు ఎన్ని, మడత దగ్గర చిరిగిందా
- వెనక టేపు, మరమ్మతు, అంటించిన కాగితం ఉన్నాయా
- చుట్టకుండా, చదునుగా గట్టి అట్టల మధ్య పంపుతారా
- నకిలీ అని తేలితే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారు

వేలంలో కొట్టిన ధర మీద కమిషన్ 20 శాతం, ఆపైన కూడా పడుతుంది. మీ గరిష్ఠ పాటను కమిషన్, తపాలా, సుంకం తీసేసి లెక్కవేసుకోండి. కొరియరు ద్వారా వస్తే కేవైసీ పత్రాలు అడుగుతారు. విలువ తక్కువ చూపించమని అమ్మకందారును కోరకండి. దారిలో పోతే ఆ తక్కువకే బీమా.

ఒక మోసం గురించి విడిగా చెప్పాలి. "ఈ పాత రైల్‌రోడ్ బాండును బంగారంలో చెల్లించాలి, ఇప్పుడు కోట్ల విలువ" అంటూ అమ్మేవాళ్లున్నారు. 1873 నాటి షికాగో, సాగినా అండ్ కెనడా రైల్‌రోడ్ బాండ్ల లాంటివాటి గురించి అమెరికా ఖజానా శాఖే హెచ్చరించింది. బంగారంలో చెల్లిస్తామనే షరతులను అమెరికా కాంగ్రెస్ 1933 జూన్‌లోనే చెల్లకుండా చేసింది. ఆ కాగితానికున్నది సేకరణ విలువే.

## 10. ఇంటికొచ్చిన రోజు

పార్సిలు వెంటనే విప్పకండి. ఏసీ కార్గోలోంచి మన ఉక్కపోతలోకి వచ్చిన కాగితం తేమ పీల్చుకుంటుంది. ఒక రోజు అలాగే ఉంచి విప్పండి. తర్వాత:

1. ముందు వెనక ఫొటో తీయండి. గొడవ వస్తే ఇదే ఆధారం.
2. పురుగు రంధ్రాలు, పొడి, బూజు ఉన్నాయేమో చూడండి. అనుమానముంటే జిప్ కవరులో గాలి తీసి మూసి రెండు వారాలు ఫ్రీజర్లో ఉంచండి. బయటికి తీశాక 24 గంటలు కవరు విప్పకండి.
3. పొడి బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు దులపండి.
4. గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు తీయండి. వెనకవైపు కాళ్ల కింద పాలిస్టర్ ముక్క దూర్చి, పల్చటి ప్లాస్టిక్ బద్దతో ఒక్కో కాలును నిటారుగా లేపి, తర్వాత ముందునుంచి తీయాలి. తుప్పు కాగితానికి అతుక్కుంటే లాగొద్దు, వదిలేయండి.
5. మడతలున్నవాటిని రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి, పైన గాజుపలక, దాని మీద రెండు లావు పుస్తకాలతో రెండు వారాలుంచండి. ఉబ్బెత్తు ముద్ర ఉన్నచోట బ్లాటింగ్ కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి ఖాళీ వదలండి. లేకపోతే ముద్ర అణిగిపోతుంది.

## 11. చేయకూడనివి, ఎందుకు చేయకూడదో

కడగడం. 19వ శతాబ్దపు కలం సిరా మన పాతకాలపు కరక్కాయ‑అన్నభేది సిరా బంధువే. అక్కడ కరక్కాయకు బదులు ఓక్ చెట్టు బుడిపెలు. అందులోని ఇనుము, ఆమ్లం నీళ్లు తగలగానే కదిలి, అక్షరం చుట్టూ గోధుమ రంగు వలయం కడతాయి. తర్వాత ఆ వలయంలోనే కాగితం పెళుసెక్కి రాలుతుంది.

ఇస్త్రీ. మడత పోతుంది, నిజమే. దాంతోపాటు ఎత్తుగా ఉన్న ఇంకు, ముద్ర కూడా అణుగుతాయి. అసలుదని చెప్పే సాక్ష్యాన్ని మీరే చెరిపేసినట్టు.

లామినేషన్. తిరిగి రాదు. ఆ పత్రం అక్కడితో అయిపోయింది.

సెలోటేపు. అయిదారేళ్లకు జిగురు పచ్చబడి కాగితంలోకి దిగుతుంది. ఇప్పటికే టేపున్న పత్రం కొంటే పీకకండి. చిరుగు ఆపాల్సి వస్తే జపాన్ టిష్యూ (పొడవాటి నారల పల్చటి కాగితం), గోధుమ పిండి పేస్టు. అది కూడా ముందు పనికిరాని పాత కాగితం మీద పదిసార్లు చేశాకే. ఖరీదైన పత్రమైతే కాగితపు పరిరక్షకుల చేతికే ఇవ్వాలి.

బ్లీచింగ్. తెల్లగా చేసిన పత్రం చూడగానే తెలిసిపోతుంది. కాగితం కొత్తగా, సిరా వెలిసిపోయి ఉంటుంది.

## 12. దాచడం

తేమ 40 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. అనంతపురంలో ఎండాకాలం ఇది సమస్యే కాదు. విశాఖ, కాకినాడల్లో వానాకాలం మీటరు 80 దాటుతుంది. అప్పుడు పెట్టెలో సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారగానే ఆరబెట్టి మళ్లీ వాడండి.

- పత్రం వెనక ఆమ్లం లేని అట్ట, రెండూ ఒకే పాలిస్టర్ కవరులో. రెండు వైపులు తెరిచి ఉన్న కవరే మంచిది. నాలుగువైపులా మూస్తే తేమ లోపలే చిక్కుతుంది.
- పెట్టెలు పడుకోబెట్టి ఉంచండి. నిలబెడితే కాగితం కిందికి జారి అంచు వంగుతుంది.
- బీరువాను వాన తగిలే బయటి గోడకు ఆనించొద్దు, నాలుగు వేళ్లు సందు వదలండి. అటక మీద అసలే వద్దు.
- కలరా ఉండలు పెట్టెలో వేయకండి. ఆ ఆవిరి ప్లాస్టిక్కును పాడుచేస్తుంది.
- మిగతా రోజుల్లో నెలకోసారి కాకపోయినా వానాకాలంలో పదిహేను రోజులకోసారి తెరిచి చూడండి. పుస్తకాల్లో పాకే వెండి రంగు పురుగుకు జిగురంటే ఇష్టం. మొదట ఎడమ అంచే తింటుంది.

గోడకు తగిలించాలనిపిస్తే మంచి రంగు నకలు తీయించి దాన్ని ఫ్రేము కట్టించండి.

## 13. జాబితా

ప్రతి పత్రానికి ఒక వరుస. కంపెనీ పూర్తిపేరు, రాష్ట్రం, తేదీ, క్రమసంఖ్య, షేర్లు, రంగు, బొమ్మ, అచ్చు కంపెనీ, సంతకాలు, స్టాంపులు, రద్దు విధానం, కొలత, లోపాలు, ఎవరి దగ్గర ఎప్పుడు ఎంతకు కొన్నారు, ఫొటో ఫైలు పేరు. సూచన సంఖ్యను పత్రం మీద కాదు, అట్ట మీద పెన్సిల్‌తో రాయండి, అదీ పత్రాన్ని పక్కన పెట్టాక. పత్రం పైన ఉండగా అట్ట మీద రాస్తే ఒత్తిడి గీతలు పడతాయి.

## 14. మన వైపు రైళ్ల పత్రాలు

మద్రాస్ రైల్వే, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, బెంగాల్ నాగపూర్ రైల్వే, నైజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే: ఇవన్నీ లండన్‌లో నడిచిన కంపెనీలు. నైజాం ప్రభుత్వం 1930లో తన రైల్వేను కొనేసింది, కాబట్టి కంపెనీ పత్రం తేదీ ఆ లోపే ఉండాలి. వీటిని ఇంగ్లండ్ అమ్మకందారుల దగ్గర వెతకండి.

అమెరికన్ పత్రాల కొలమానంతో వీటిని చూడొద్దు. బొమ్మలు చాలావాటికి ఉండవు, విలువ పౌండ్లలో ఉంటుంది, సాదాగా ఉంటాయి. కాబట్టి ఇక్కడ కంపెనీ ముద్ర, సంతకాలు, చేతిరాత, కాగితంలోని నీటిగుర్తు మీదే ఆధారపడాలి. దీపానికి అడ్డంగా పట్టుకుని నీటిగుర్తు చూడండి. కొన్నిటిలో కాగితం తయారీ సంస్థ పేరు, ఏడాది కూడా దొరుకుతాయి. ఆ ఏడాది పత్రం తేదీ కన్నా తర్వాతిదైతే ఇంక చూడాల్సిందేమీ లేదు.

ఇండియాలో కొన్న పాత పత్రాన్ని విదేశానికి తీసుకెళ్లేముందు 1972 నాటి పురావస్తు చట్టం గుర్తుంచుకోండి. చారిత్రక విలువున్న పత్రాలకు ఆ చట్టంలో 75 ఏళ్లే హద్దు, మిగతా వస్తువుల్లాగా 100 కాదు. పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదనే ధ్రువీకరణ ప్రయాణానికి ముందే తీసుకోవాలి, విమానాశ్రయంలో దొరికేది కాదు.